పోయిన ప్రాణమునకు నష్టపరిహారపు దావా

గచ్చిబౌలి పేరు వినని పల్లె నేడు మన జిల్లాలలో లేదు. మన బిడ్డలు కొందరు అచ్చటి గాజుమేడలలో కంప్యూటర్ల యెదుటను, కొందరు తాపీ చేతబట్టియు, కొందరు ఆటోలు నడుపుచును జీవించుచున్నారు. కావున ఆ త్రోవల మీద జరుగు విపత్తు మన యింటి విపత్తే.

2019 నవంబరు 23వ తేదీన అచ్చటి బయోడైవర్సిటీ కూడలి పైవంతెన మీదనుండి ఒక కారు అదుపుతప్పి క్రింద బడెను. వంతెన తెరచి మూడు వారములైనను నిండలేదు. గంటకు 40 కిలోమీటర్లు హద్దైన చోట ఆ బండి నూరు దాటిన వేగమున వచ్చెనని పోలీసులు తెలిపిరి. క్రింద రోడ్డు ప్రక్క నిలిచియున్న యొక స్త్రీ ప్రాణము విడిచెను. ఆమె ఏ బండియు నెక్కలేదు, ఏ నియమమును మీరలేదు. తప్పు వేగముదా, వంతెన వంపుదా యని వాదము చెలరేగినది. నగరపాలక సంస్థ ఆ కుటుంబమునకు 5 లక్షల రూపాయలు ప్రకటించెను. వంతెనను మూసి, 2020 జనవరిలో మరల తెరచిరి.

రైతులు గ్రహింపవలసిన దిచ్చటనే యున్నది. ఇట్లు ప్రకటించు సొమ్ము దయచే నిచ్చునది, హక్కు వేరు. పోలీసులు నడుపు కేసు నేరస్థుని శిక్షించుటకు. కుటుంబమునకు జీవనాధారము కల్పించుట దాని పని కాదు. ఆ కేసు కొట్టివేయబడినను పరిహారపు దావా దానితో పోదు. పరుల అలక్ష్యముచే చనిపోయినవాని భార్య, భర్త, బిడ్డలు, తల్లిదండ్రుల కొరకు దావా వేయు హక్కు ఈ దేశమున 1855వ సంవత్సరపు చట్టముననే కలదు. దానికి గడువు మరణదినమునుండి రెండేండ్లు. మోటారు ప్రమాదములకు మాత్రము ప్రత్యేకముగా ట్రిబ్యునలు గలదు. 2022 ఏప్రిలు 1 నుండి ఆరు నెలలలోపల అర్జీ వేయవలెనని చట్టము చెప్పుచున్నది. నెలమాసికములు, బాకీలవారి రాకపోకలు, పొలము పనులు – వీనిలో ఆరు నెలలు గడచుట మన పల్లెలలో ఎంతసేపు!

సొమ్ము నెట్లు లెక్కించెదరో చూడుడు. 38 ఏండ్ల రైతు. భార్య, ఇద్దరు బిడ్డలు, ముసలితల్లి. వాని కష్టార్జితము నెలకు 10,000 రూపాయలని రుజువైనదనుకొందము. ఏటికి 1,20,000. నలుబది యేండ్లు నిండనివాడు గనుక, ముందు పెరుగదగిన రాబడి క్రింద నూటికి 40 వంతున చేర్పగా 1,68,000. అందు నాలుగవ వంతు వాని సొంత ఖర్చని తీసివేయగా 1,26,000. ఆ వయస్సునకు సుప్రీంకోర్టు 2009లో సరళావర్మ కేసున నిర్ణయించిన గుణకము 15. మొత్తము 18,90,000 రూపాయలు. అంత్యక్రియలు మొదలగువాని సొమ్ము దీనికి పైన.

అయితే రైతు విషయమున నొక చిక్కు గలదు. భూమి చనిపోలేదు గదా, దాని రాబడి నిలిచియే యున్నదని బీమా కంపెనీ వకీలు వాదించును. కోర్టులు సాధారణముగా రైతు చేసిన పనికిని, చూచుకొన్న అజమాయిషీకిని వెల గట్టును. ఆ వెలను రుజువు చేయుటకు నోటిమాట చాలదు. పాల సంఘపు చీటీలు, ధాన్యము అమ్మిన రశీదులు, మన సొసైటీ ఋణపు లెక్కలు అప్పుడు పనికివచ్చును. చీటీలను చూరులో చెక్కి చెదలపాలు చేయువారు ఈ సంగతి గుర్తింతురు గాక.

పొలములలో ప్రాణములు తీయువానిలో కరెంటు తీగ యొకటి. వర్షపు నీరు నిలిచిన రోడ్డుపై పడియున్న తీగ తగిలి సైకిలుపై పోవు నొకడు మరణింపగా, పరుడెవడో దొంగతనముగా తీగ లాగెనని మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు వాదించెను. సుప్రీంకోర్టు 2002లో ఆ వాదము నంగీకరింపలేదు. అంతటి ప్రమాదకరమైన వస్తువును నడుపువారు, తమ తప్పు చూపబడకున్నను, బాధ్యులే యని తీర్పు చెప్పెను. కనుక వ్రేలాడు తీగను గూర్చి ముందే లైన్‌మన్‌తో నోట చెప్పి యూరకుండక, కాగితముపై అర్జీ పెట్టి అందినట్లు ముద్ర వేయించుకొనుడు. విపత్తు జరిగినచో తీగను తీసివేయకముందే ఛాయాచిత్రము తీయింపుడు. పోస్టుమార్టము వలదని యేడ్చుట సహజమే. కాని అది లేనిచో మరణకారణము చూపుట మిక్కిలి కష్టము.

బండి యజమాని పంపిన పెద్దమనుషులు మూడవనాడే వత్తురు. కొంత రొక్కము అరుగుపై పెట్టి, తెల్లకాగితముపై వేలిముద్ర యడుగుదురు. వాని గీత అంతేనని ఓదార్తురు. గీత ఎట్లున్నను వేలిముద్ర వేయరాదు.

మరణము గచ్చిబౌలిలో జరిగినను దావాకై అచ్చటికే పోనక్కర లేదు. వాహన ప్రమాదమైనచో కుటుంబము నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనే అర్జీ వేయవచ్చును. వకీలును పెట్టుకొను శక్తి లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థ నడుగవలెను. 1987వ సంవత్సరపు చట్టము ననుసరించి స్త్రీలకు, వారి రాబడి ఎంతయైనను, అచ్చట వకీలును ఉచితముగా నియమింతురు.