బొమ్మ ఎరలు: రంగు కాదు, గాలం చూసి కొనాలి

పలివెల: వేసవిలో కట్టివేసిన కాలువలకు నీరు వదలి, వానలకు బోదెలు నిండేసరికి గాలపు సరకుకు గిరాకీ లేస్తుంది. వెదురు గడ, బెండు, ఎర్రలతో సరిపెట్టుకొనేవారికి పెద్ద ఖర్చు లేదు. రబ్బరు కప్ప, ప్లాస్టిక్ చేప, మెరిసే రేకు వంటి బొమ్మ ఎరలు కొనేవారికే చిక్కంతా. చూపుకు ఒకే తీరున వున్న సరకు ఒక కొట్లో ఒక ధర, మరొక కొట్లో అంతకు రెట్టింపు పలకడం కద్దు. హెచ్చు ధర పెట్టినంత మాత్రాన మేలురకం దొరుకుతుందని లేదు. అలాగని చవకది కొని లాభపడినదీ లేదు. పెద్ద కొర్రమీను అందుకొన్నాక గాలం సాగిపోతే ఎరా పోతుంది, చేపా పోతుంది. పట్టినది అమ్ముకొని ఇంటికి వెచ్చాలు తెచ్చుకొనే మనిషికి అది ఒక పూట సంపాదన.

కొట్టుకు వెళ్లే ముందే ఏ చేప కోసమో తేల్చుకోవాలి. బొచ్చె, శీలావతి వంటివి వేటాడి తినే చేపలు కావు. వాటికి తవుడు, పిండి ముద్ద చాలు. పులస సంగతి చెప్పనే అక్కరలేదు, అది వలకేగాని గాలానికి వచ్చే చేప కాదు. బొమ్మ ఎర మీద పడేవి కాలువలు, చెరువులలోని కొర్రమీను, ఏటిలోని వాలుగ, దిగువన ఓడలరేవు, అంతర్వేది వైపు ఉప్పునీటి పాయలలో తిరిగే పండుగప్ప. అన్ని చేపలూ పడతాయని చెప్పి అమ్మే ఎరను అక్కడే వదిలివేయడం మంచిది.

కొర్రమీను గాలి పీల్చుకోవడానికి నీటి పైకి వస్తుంది, గుర్రపుడెక్క మాటున పొంచి వుంటుంది. అందుకే దానికి నీటిపై తేలే రబ్బరు కప్ప వాడుతారు. ఈ కప్పకు రెండు గాలాల మొనలు వీపును అంటిపెట్టుకొని వుండాలి. ఎడంగా వుంటే ప్రతి విసురుకూ డెక్కకు తగులుకొంటుంది. వేళ్లతో నొక్కితే ఒళ్లు అణిగి మొనలు పైకి తేలాలి. రబ్బరు బిరుసుగా వుంటే చేప నోట కరచుకొన్నా గాలం దిగదు. కొట్టువాడు ఒప్పుకొంటే బకెట్టు నీళ్లలో ముంచి నొక్కి చూడాలి. అతుకు దగ్గర బుడగలు వస్తే అది నీరు తాగే సరకు, నాలుగు విసుర్లకు మునిగిపోతుంది. కళ్లకు ఎంత చక్కని రంగు వేశారన్నది ఆ తరువాతి మాట.

రంగు చేపకంటే ముందు కొనేవారిని పడుతుంది. ఫిన్లాండులో లౌరి రపాలా అనే జాలరి 1936లో చేసిన మొదటి ఎర బెండును చెక్కినదే. పైన చాక్లెట్ కాగితపు తగరం చుట్టి, ఫొటో నెగటివులు కరిగించి పూత పూశాడు. దెబ్బ తిన్న చిన్న చేపలా అది తూలుతూ ఈదడమే దాని గుణం. ప్లాస్టిక్ చేప కొనేటప్పుడు కూడా నడకనే చూడాలి. రెండు చెక్కలు అతికిన చోట గోరు దిగరాదు. మేలురకంలో ముక్కు నుంచి తోక దాకా లోపల ఒకే తీగ సాగుతుంది. నాసిరకంలో కొక్కేన్ని ప్లాస్టిక్‌లోకి మరతో బిగించి వదిలేస్తారు, పండుగప్ప ఒక్క గుంజుకు అది ఊడివస్తుంది. కొక్కేన్ని వేళ్లతో తిప్పితే తిరిగే ఎరను కొనరాదు.

అన్నిటికంటే ముఖ్యం గాలం. మొనను బొటనవేలి గోటిపై మెల్లగా జార్చాలి. జారిపోతే మొద్దు, గీసుకొని నిలిస్తే పదును. దారం కట్టే కన్ను పూర్తిగా మూసుకొని వుండాలి, సందు వుంటే దారం తెగుతుంది. పటకారుతో పట్టి కొంచెం వంచితే తిరిగి యథాస్థితికి రావాలి. వంగినట్టే వుండిపోయేది మెత్తని తీగ, పుటుక్కున విరిగేది పెళుసు తీగ. నంబర్ల లెక్క కొత్తవారిని తికమక పెడుతుంది: 8 కంటే 4 పెద్దది, 1 దాటాక 1/0, 2/0 అంటూ ఇంకా పెద్దవి. ఉప్పునీటికి తగిన పూత లేని గాలం కొద్ది రోజులకే తుప్పు పడుతుంది. నార్వేలో 1832లో మొదలై 1877 నుంచి గాలాలు చేస్తున్న మస్టాడ్ వంటి పాత మార్కుల పేరు అడిగి కొనేవారు అట్ట మీది అక్షరాలు, అచ్చు శుభ్రత కూడా చూసుకోవాలి. పేరున్న సరకుకే నకళ్లు పుడతాయి.

నైలాను దారం ఎండలో బలం కోల్పోతుంది. కొట్టు ముందు నెలల తరబడి వేలాడిన చుట్ట ధర తగ్గించినా వద్దు. కొసను తడిపి ముడి వేసి గుంజితే నిజం తెలిసిపోతుంది. సీసపు గుళ్లను పళ్లతో నొక్కే అలవాటు మానాలి, సీసం విషం.

ధర విషయంలో కొనేవారికి చట్టం అండ వున్నది. 2011 నాటి ప్యాకెట్ సరకుల నిబంధనల ప్రకారం తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, సరకు పరిమాణం, నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర ప్యాకెట్‌పై వుండాలి. విదేశీ సరకైతే ఏ దేశానిదో కూడా రాయాలి. ధర పెంచుతూ పైన చీటీ అంటించడం కుదరదు. అచ్చు ధరకు మించి అడిగితే తూనికలు కొలతల శాఖకు చెప్పవచ్చు, లేదా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేయవచ్చు. ప్యాకెట్ విప్పి విడిగా అమ్మే గాలాలకు ఈ వివరాలేవీ కనబడవు గనుక బిల్లు అడిగి తీసుకోవాలి.

కొన్న తరువాత వేర్వేరు రకాల మెత్తని ఎరలను ఒకే డబ్బాలో కుక్కరాదు. ఒకదానికొకటి అంటుకొని జిగురుగా కరిగిపోతాయి. ఉప్పునీటిలో వాడినవాటిని మంచినీటితో కడిగి, నీడన ఆరబెట్టి దాచాలి.