డబుల్ డిలైట్: పూవుకు దాసులు, ఆకుతో అవస్థలు

గులాబీలు పెంచేవారి దగ్గర డబుల్ డిలైట్ పేరెత్తితే చాలు, మాట రెండుగా చీలుతుంది. తోటలో ఇదొక్కటుంటే చాలంటారు కొందరు. పూవు బంగారమే, మొక్కే రోగిష్టిదంటారు మరికొందరు. ఇద్దరి మాటా నిజమే.

హెర్బర్ట్ స్విమ్, ఆర్నాల్డ్ ఎల్లిస్ సృష్టించిన ఈ హైబ్రిడ్ టీ గులాబీ 1977లో అమెరికాలో మార్కెట్‌లోకి వచ్చింది. గ్రనాడా, గార్డెన్ పార్టీ రకాలను సంకరపరిస్తే పుట్టింది. మొగ్గ మీగడ రంగులో విచ్చుకుంటుంది. ఎండ తగిలేకొద్దీ రేకుల అంచుల నుంచి ఎరుపు లోపలికి పాకుతుంది. ఆ ఎరుపు పండాలంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడాలి. అందుకే నీడపట్టునో, గాజు పైకప్పు కిందో పెంచినవారికి పూవు వెలవెలబోతుంది. ఒకే రకం కొన్న ఇద్దరు రెండు వేర్వేరు పూల గురించి మాట్లాడుతున్నట్టు అనిపించేది ఇందువల్లే.

వాసన దగ్గర మాత్రం పెద్దగా పేచీ లేదు. తీపిలో మసాలా ఘాటు కలిసిన ఆ పరిమళానికి 1986లో గ్యాంబుల్ పతకం దక్కింది. అంతకు ముందు ఏడాదే ప్రపంచ గులాబీ సంఘాల సమాఖ్య దీన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది.

అసలు గొడవ ఆకులతోనే. రాత్రిళ్లు చల్లగా, గాలి తేమగా ఉంటే బూడిద తెగులు పడుతుంది. ఆకులు గంటల తరబడి తడిగా ఉంటే నల్లమచ్చ తెగులు. పొడి ఎండల కాలిఫోర్నియాలో మెప్పు పొందిన మొక్క ముసురు పట్టే చోట విసిగించడంలో వింతేముంది? మన దగ్గర వానాకాలమే దీనికి గడ్డుకాలం. అయినా ఈ పూవు కోసం ఆమాత్రం చాకిరీ చేయొచ్చు. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ, మొక్కల మధ్య గాలి ఆడే ఎడం ఉండాలి. నీళ్లు పొద్దున్నే, మొక్క మొదట్లోనే పోయాలి. రాలిన మచ్చల ఆకులను ఏరి పారేయాలి.