పిల్లల్లో గొంతునొప్పి: కారణాన్ని గుర్తించడం, వర్గీకరించడం

పిల్లలకు తరచుగా వచ్చే బాధలలో గొంతునొప్పి ఒకటి. చాలాసార్లు ఇది వైరస్‌ల వల్ల వచ్చి, వారం రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. కొన్నిసార్లు మాత్రం స్ట్రెప్టోకాకస్ పయోజెన్స్ అనే బాక్టీరియా వల్ల వస్తుంది. ఈ రెండింటికీ చికిత్స వేరు. తేడా ఎలా తెలుస్తుందో ఈ పాఠంలో చూద్దాం.

1. లక్షణాలు

బాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పి 5 నుండి 15 సంవత్సరాల వయసు పిల్లల్లో ఎక్కువ. మూడేళ్ళలోపు పిల్లల్లో అరుదు. దీని లక్షణాలు:

(అ) హఠాత్తుగా జ్వరం, మింగేటప్పుడు నొప్పి
(ఆ) టాన్సిల్స్ ఎర్రగా వాచడం, వాటిపై తెల్లని మచ్చలు
(ఇ) మెడ ముందు భాగంలో బిళ్ళలు కట్టి, తాకితే నొప్పి పుట్టడం
(ఈ) దగ్గు, జలుబు లేకపోవడం

కొందరికి తలనొప్పి, కడుపునొప్పి, వాంతులు కూడా ఉంటాయి. ముక్కు కారడం, దగ్గు, గొంతు బొంగురుపోవడం, కళ్ళు ఎర్రబడటం ఉంటే కారణం వైరస్ కావచ్చు.

2. నిర్ధారణ, వర్గీకరణ

గొంతును చూసినంత మాత్రాన డాక్టరు కూడా కచ్చితంగా చెప్పలేరు. అందువల్ల దూది చుట్టిన పుల్లతో టాన్సిల్స్‌ను తుడిచి, ఆ నమూనాను పరీక్షకు పంపుతారు. ప్రయోగశాలలో దానిని రక్తం కలిపిన యానకంపై పెంచుతారు. ఈ బాక్టీరియా పెరిగిన చోట ఎర్రరక్తకణాలు పూర్తిగా విచ్ఛిన్నమై, చుట్టూ తేటగా వలయం ఏర్పడుతుంది. ఇలాంటి వాటిని ‘బీటా’ రకం అంటారు. 1933లో రెబెకా లాన్స్‌ఫీల్డ్ అనే అమెరికా శాస్త్రవేత్త కణకవచంలోని పదార్థాన్ని బట్టి వీటిని గ్రూపులుగా విభజించారు. మనం చెప్పుకొంటున్న బాక్టీరియా ‘ఏ’ గ్రూపుకు చెందుతుంది.

3. చికిత్స ఎందుకు అవసరం?

మందు వాడకపోయినా జ్వరం సాధారణంగా 3 నుండి 5 రోజుల్లో తగ్గుతుంది. అంతటితో ప్రమాదం తప్పిందనుకోరాదు. రెండు మూడు వారాల తరువాత కొందరికి రుమాటిక్ జ్వరం రావచ్చు. బాక్టీరియాను ఎదుర్కోవడానికి శరీరంలో మొదలైన ప్రతిచర్య సొంత కీళ్ళకు, గుండెకు హాని చేయడమే దీనికి కారణం. కీళ్ళవాపు తగ్గిపోతుంది. గుండె కవాటాలకు జరిగిన హాని మాత్రం జీవితాంతం మిగిలిపోవచ్చు.

గొంతునొప్పి మొదలైన 9 రోజులలోపు చికిత్స ప్రారంభిస్తే ఈ ప్రమాదాన్ని చాలావరకు నివారించవచ్చు. డాక్టర్లు సాధారణంగా పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్‌ను 10 రోజులు వాడమంటారు. జ్వరం తగ్గగానే మందు మానరాదు. వైరస్‌లపై ఈ మందులు పనిచేయవు కాబట్టి సొంతంగా కొని వాడరాదు.

హెచ్చరిక: గొంతులో బూడిదరంగు పొర కనిపిస్తే అది కంఠసర్పి కావచ్చు. పొర కనిపించినా, బిడ్డకు ఊపిరి ఆడకపోయినా, ఉమ్మి కూడా మింగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మీ జ్ఞానాన్ని పరీక్షించుకోండి

8 సంవత్సరాల బాలికకు నిన్నటి నుండి జ్వరం, గొంతునొప్పి ఉన్నాయి. మెడలో బిళ్ళలు కట్టాయి. దగ్గు, జలుబు లేవు. ఏమి చేయాలి?

జవాబు: బాక్టీరియా కారణమని అనుమానించాలి. డాక్టరుకు చూపించి, గొంతు పరీక్ష గురించి అడగాలి. మందు రాసి ఇస్తే చెప్పినన్ని రోజులూ పూర్తిగా వాడాలి.