మ్యూజియం కూడా ఒక సంకలనమే

కథాసంకలనం చేతికి రాగానే సంపాదకుడెవరు, ఏ దృక్పథంతో ఏరాడు అని అడుగుతాం. మ్యూజియంలో చిత్రాల ముందు నిలబడితే ఆ ప్రశ్న మరిచిపోతాం.

హైదరాబాదులో 1951లో తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియం ప్రధానంగా మూడవ సాలార్‌జంగ్ (1889-1949) అనే ఒక్క నవాబు అభిరుచి ఫలితం. ఢిల్లీలో 1954లో ప్రారంభమైన నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ ప్రభుత్వ సంస్థ; అక్కడ ఎంపిక కమిటీది. ఎవరు ఏరినా ఏరడమంటే విమర్శే.

సమకాలీన కళతో చిక్కు మరీ ఎక్కువ. కాలం జల్లెడ పట్టకముందే కొనాలి. మ్యూజియం కొన్నదంటే ఆ చిత్రకారుడికి బజారులోనూ విలువ పెరుగుతుంది. ఇది మొదటి వడపోత.

కాగితం మీది చిత్రాలు వెలుతురుకు వెలిసిపోతాయి. అందుకే సుమారు 50 లక్సుల మసక వెలుగులో కొన్నాళ్లుంచి తిరిగి భద్రపరుస్తారు. గోడమీద కనబడేది ఉన్నదానిలో కొంతే. ఇది రెండవ వడపోత.

మూడవది పక్కనుండే చీటీ. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ చిత్రం పక్కన పేరు, ఏడాది, ‘ఎచింగ్’ అని మాత్రమే రాస్తే, ఆ మేకలూ ఆ పల్లె స్త్రీపురుషులూ ఏ జీవితంలోంచి వచ్చారో చూపరికి అందదు.

నేను గడ్డపోతారంలో పాఠాలు చెబుతాను. మా విద్యార్థుల తండ్రులు మందుల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తారు. రియాక్టరు ముందు నిలబడ్డ ఆ మనిషిని ఇక్కడి యువకుడెవరైనా చిత్రిస్తే, గ్యాలరీల అండ లేకుండా ఆ బొమ్మ కమిటీ దాకా చేరేదెలా?

కనుక సాహిత్య విద్యార్థి మ్యూజియంకు వెళ్లినప్పుడు ప్రతి చిత్రం దగ్గరా మూడు ప్రశ్నలు వేయాలి: ఎవరు ఎంచారు? ఎవరి డబ్బుతో? ఎవరిని వదిలి?