దోషాలను దిద్దే మెమరీ

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతాల్లో గుంట భూమి సైతం విలువైనదే. కంప్యూటరు మెమరీలో ద్విసంఖ్యామానంలో నిలిచిన 3 గుంటలు, ఒక్క బిట్టు తారుమారైతే 19 గుంటలు కాగలవు. 2003లో బెల్జియం ఎన్నికల్లో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు అదనంగా నమోదు కావడానికి ఇటువంటి దోషమే కారణమని నిపుణులు భావించారు.

ఇ.సి.సి. మెమరీ ఈ ముప్పును తగ్గిస్తుంది. డి.డి.ఆర్‌.4 రకంలో 64 బిట్ల సమాచారానికి 8 పరీక్షక బిట్లు తోడై, ఒక బిట్టు దోషాన్ని సరిదిద్దడానికి, రెండు బిట్ల దోషాన్ని గుర్తించడానికి తోడ్పడతాయి.

అయితే ఈ మెమరీ మదర్‌బోర్డులో ఇమిడినంత మాత్రాన దోషసవరణ జరుగుతున్నట్లు కాదు. ప్రాసెసరు, మదర్‌బోర్డు, మెమరీ మూడింటికీ ఆ సామర్థ్యం ఉండాలి. కొన్ని బోర్డులు దీనిని స్వీకరించినా సాధారణ మెమరీగానే వాడుకొంటాయి. కనుక కొనేముందే తయారీదారుని కరదీపికలో 'అమర్చవచ్చు' అన్న మాటతో తృప్తిపడక, 'దోషసవరణ పనిచేస్తుంది' అన్న హామీ ఉన్నదేమో పరిశీలించాలి.