మెదడు కణితి జాడ చెప్పే వెన్నునీరు

మెదడునూ వెన్నుపామునూ చుట్టి, వాటిని కుదుపుల నుంచి కాపాడే నిర్మలమైన ద్రవాన్ని వైద్యులు మస్తిష్కమేరు ద్రవమనీ, జనం వెన్నునీరనీ అంటారు. పెద్దవారిలో ఇది ఏ క్షణాన చూసినా సుమారు 150 మిల్లీలీటర్లే ఉంటుంది కాని, రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతూ, పాతది రక్తంలో కలిసిపోతూ ఉంటుంది. మెదడులో కణితి పెరుగుతున్నప్పుడు అందులో నశించిన కణాల డీఎన్ఏ తునకలూ, కొన్ని ప్రోటీన్లూ ఈ నీటిలోకి చేరతాయి. వ్యాధి ఉనికిని పట్టి ఇచ్చే ఇటువంటి పదార్థాలకే జీవసూచికలని పేరు. రక్తానికీ మెదడుకూ నడుమ సహజంగా ఉండే అడ్డుగోడ వల్ల ఈ తునకలు రక్తంలో చాలా అరుదుగా దొరుకుతాయి కనుక, పరిశోధకుల దృష్టి వెన్నునీటి మీదికి మళ్ళింది.

ఎంఆర్ఐ స్కాన్ కణితి ఉన్న చోటునూ పరిమాణాన్నీ చూపుతుంది గాని, రేడియేషన్ తరువాత కనిపించే మార్పు చికిత్స వల్ల వచ్చిన వాపో, తిరగబెట్టిన కణితో చాలాసార్లు తేల్చలేదు. ముక్క తీసి పరీక్షించే బయాప్సీ కచ్చితమైనదే అయినా, మెదడు విషయంలో దాన్ని పదే పదే చేయడం సాధ్యం కాదు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ కేంద్రం పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాల నుంచి పుట్టే గ్లయోమా కణితులున్న 85 మందిలో 42 మంది వెన్నునీటిలో కణితి డీఎన్ఏ కనిపించింది. పిల్లల్లో చిన్నమెదడులో పుట్టే మెడుల్లోబ్లాస్టోమాపై 2021లో వెలువడిన మరో అధ్యయనం, వ్యాధి తిరగబెట్టిన కొందరిలో స్కాన్ కంటే మూడు నెలలకు పైగా ముందే ఈ నీరు ఆ సంగతి తెలిపిందని నిరూపించింది.

అయితే గ్లయోమా అధ్యయనంలోని లెక్కను బట్టే, డీఎన్ఏ కనబడనంత మాత్రాన కణితి లేదనుకోరాదని స్పష్టమవుతుంది. అందుచేత ఈ పరీక్ష బయాప్సీకి తోడే తప్ప ప్రత్యామ్నాయం కాదు. తలలో ఒత్తిడి బాగా పెరిగిన రోగికి వెన్నునీరు తీయడం ప్రమాదకరం కాబట్టి, వైద్యులు ముందుగా స్కాన్ చూసి నిర్ణయిస్తారు. ఈ నీటిని తీయడానికి వెన్నులో సూది గుచ్చితే కాళ్ళు చచ్చుబడతాయన్న భయం మాత్రం అనవసరం. పెద్దవారిలో వెన్నుపాము నడుము మొదటి, రెండవ పూసల దగ్గరే ముగుస్తుంది. సూదిని అంతకు దిగువన, మూడు నాలుగు పూసల మధ్యనో, నాలుగు ఐదు పూసల మధ్యనో దించుతారు. వైద్యుడు అవసరమన్నప్పుడు ఆ భయంతో పరీక్షను వాయిదా వేయకపోవడమే రోగికి మేలు.