గుర్రంపై కుదురు

యానాంలోని కనకాలపేట వంటి గోదావరి ప్రాంతపు ఊళ్ళ నుంచి నగరానికి వచ్చినవారికి పడవ పరిచితమే గాని గుర్రం కొత్త. బెరుకు సహజం. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణార్థులకూ గుర్రపుస్వారీ నేర్పవలసిన విద్యయే.

అయితే రౌతు భయం రౌతు వద్దనే ఆగదు. 2009లో వెలువడిన ఒక స్వీడన్ పరిశోధనలో, గుర్రం సాగుతుండగా గొడుగు తెరుస్తామని రౌతులకు ముందే చెప్పారు. గొడుగు తెరవనేలేదు, అయినా రౌతుల గుండెవేగంతోపాటు గుర్రాల గుండెవేగమూ పెరిగింది.

గుర్రానికి సరిగ్గా వెనుక ఉన్నది కనిపించదు కాబట్టి, ఎడమ భుజం పక్క నుంచి పలకరిస్తూ చేరువ కావాలి. హెల్మెట్ తప్పనిసరి. ‘పడిపోతానేమో’ అన్న తలపు కలిగినప్పుడు కళ్ళెం బిగించక, ఊపిరి నిదానంగా విడిచి, భుజాలు సడలించి, చూపును దారిపై నిలపాలి. తొలినాళ్ళలో నడకే చాలు. దౌడుకు తొందర అక్కరలేదు.